మణికట్టు నొప్పి: రికార్డులకెక్కని చరిత్ర

పటాన్‌చెరు పారిశ్రామికవాడ చరిత్రను చాలామంది నక్కవాగు దగ్గర మొదలుపెడతారు. అందులో తప్పులేదు. రసాయన వ్యర్థాల వివాదం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది కనుక దానికి పిటిషన్లు, నివేదికలు, ఉత్తర్వులు ఉన్నాయి. అదే వాడలో ఏళ్ల తరబడి మూతలు బిగించి, స్క్రూలు తిప్పి, పెట్టెలు కట్టిన చేతుల గురించి రాద్దామంటే కాగితం దొరకదు. ఎందుకు దొరకదో ఈ భాగంలో చూద్దాం.

జబ్బు కొత్తది కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జినీ వృత్తి వ్యాధులపై రాసిన గ్రంథం 1713 నాటి ముద్రణలో లేఖకుల చేతి బాధను వర్ణించాడు. కదలకుండా కూర్చోవడం, చేతిని ఎప్పుడూ ఒకే తీరుగా ఆడించడం, తప్పు పోతుందేమోనన్న మానసిక ఒత్తిడి అందుకు కారణాలన్నాడు. మూడు వందల ఏళ్ల తర్వాత ప్యాకింగ్ బల్ల ముందు నిలబడి చూసినా ఈ జాబితాలో మార్చవలసింది పెద్దగా కనిపించదు. కలం పోయి సీసా వచ్చింది, అంతే. బొటనవేలి మొదట్లో, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనాల దగ్గర వచ్చే నొప్పిని 1895లో స్విస్ వైద్యుడు డి కెర్వాన్ వివరించాడు. ఆ జబ్బు నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

వైద్యంలో పేరున్న జబ్బుకు మన చట్టంలో చోటు దొరకలేదు. 2025 వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో 29 వ్యాధులుండేవి. సీసం, పాదరసం విషప్రభావాలు, సిలికోసిస్, శబ్దం వల్ల వచ్చే చెవుడు అందులో ఉండేవి. వీటిలో ఏది బయటపడినా 89వ సెక్షన్ ప్రకారం మేనేజరు నోటీసు పంపాల్సి ఉండేది, చూసిన డాక్టరూ తెలియజేయాల్సి ఉండేది. చేతి స్నాయుబంధనాల వాపు, కార్పల్ టన్నెల్ జబ్బు ఆ 29లో లేవు. జాబితాలో లేనిదానికి నోటీసు అక్కర్లేదు. నోటీసు లేకపోతే లెక్క ఉండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన జాబితాలో ఈ రెండూ ఉన్నాయి.

నివారణ విషయంలోనూ ఇదే కథ. అదే చట్టం 55వ సెక్షన్ అయిదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించరాదని, కనీసం అరగంట విరామం ఇవ్వాలని చెప్పేది. ఇది అలసటను దృష్టిలో పెట్టుకున్న నియమం. ఒకే కదలికను వేలసార్లు చేసే మణికట్టుకు అయిదు గంటలు చాలా ఎక్కువ. మధ్యమధ్య కొద్ది నిమిషాల విరామాలు, మణికట్టు వంగకుండా పట్టుకోగల పనిముట్టు, మనిషి ఎత్తుకు తగిన బల్ల కావాలి. పని మార్చి ఇస్తున్నామని చెప్పే చోట ఒక్క ప్రశ్న వేయాలి: కొత్త పనిలోనూ అదే బొటనవేలు నొక్కుతోందా? అలాగైతే మారింది కుర్చీ మాత్రమే.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్రలేపుతుంటే, చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటే, కార్పల్ టన్నెల్ అని అనుమానించాలి. రోజుకూలి పోతుందని ఆస్పత్రికి వెళ్లడం వాయిదా వేస్తే నరం మరింత దెబ్బతినవచ్చు.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక ప్యాకింగ్ లేదా అసెంబ్లింగ్ కార్మికురాలితో మాట్లాడండి. ఏ పని, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లు, ఏ వేలు, ఎప్పటి నుంచి నొప్పి అన్నవి తేదీతో సహా రాయండి. పేరు రాయవద్దు.