బండి వెనక చక్రం లేపే ఊతకర్ర – ఇంట్లోనే తయారీ

చోడవరం చుట్టుపక్కల ఊళ్లలో చెరకు, వరి సాగుచేసే చిన్న రైతులకు మోటారు సైకిలే సగం బలం. పాల క్యాన్లు, గడ్డిమోపులు, ఎరువు బస్తాలు అన్నీ దాని మీదే. వానాకాలంలో పొలం గట్ల బురద చైనుకు పట్టి, ఆరి, ఇసుకతో కలిసి చైనునూ పళ్లచక్రాలనూ అరగదీస్తుంది. చైను శుభ్రం చేయాలంటే వెనక చక్రం నేల విడిచి తిరగాలి. సెంటర్ స్టాండు ఉన్న బండికి ఇబ్బంది లేదు. సైడు స్టాండు మాత్రమే ఉన్న బండికి ఈ ఊతకర్ర పనికొస్తుంది.

కావలసిన వస్తువులు

• సుమారు 5 సెం.మీ. మందం ఉన్న గట్టి తుమ్మ లేదా సరుగుడు కర్ర. పగుళ్లు, చెద ఉండకూడదు. వెదురు చీలిపోతుంది, వాడవద్దు.
• అడుగున బిగించడానికి 20 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు గల చెక్క పలక
• పొడవైన స్క్రూలు, పాత సైకిల్ ట్యూబు

పాత సామాను ఇంట్లో ఉంటే దాదాపు ఖర్చు ఉండదు.

తయారీ విధానం

1. గట్టి నేల మీద బండిని సైడు స్టాండు వేసి నిలపండి. వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేతిని మెకానిక్కులు స్వింగ్ ఆర్మ్ అంటారు. కుడివైపు, ఇరుసుకు దగ్గరగా, నేల నుంచి దాని అడుగు వరకు కొలవండి.
2. ఆ కొలతకు 3–4 సెం.మీ. (రెండు వేళ్ల మందం) కలపండి. పలకతో సహా ఊతకర్ర మొత్తం ఎత్తు ఇంతే ఉండాలి.
3. కర్ర పై చివర 2–3 సెం.మీ. లోతున 'వి' ఆకారంలో గాడి కోసి, ట్యూబు ముక్క తొడగండి. ఇనుము జారదు, రంగు పోదు.
4. అడుగు పలకను కిందివైపు నుంచి స్క్రూలతో బిగించండి. కర్ర నిటారుగా ఉండాలి.

బండి లేపే పద్ధతి

ఈ పనికి ఇద్దరు కావాలి. 100–125 సీసీ బండ్లు చాలావరకు 110 నుంచి 125 కిలోల బరువుంటాయి. ఒక్కరే ప్రయత్నిస్తే మీద పడవచ్చు.

1. సామాను దించి, తాళంచెవి తీసేయండి. సైలెన్సరు చల్లారే వరకు ఆగండి.
2. గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ముందు బ్రేకు లివరును ట్యూబు ముక్కతో హ్యాండిలుకు బిగించి కట్టండి. ముందు చక్రానికి ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. బండి ముందుకు కదిలితే సైడు స్టాండు మడుచుకుపోతుంది.
3. ఒకరు హ్యాండిలునూ వెనక కమ్మీనీ పట్టుకుని, బండిని స్టాండు వైపు కొద్దిగా వంచాలి. వెనక చక్రం లేస్తుంది.
4. రెండోవారు ఊతకర్రను కుడివైపు స్వింగ్ ఆర్మ్ కింద నిలిపి, గాడి సరిగ్గా కూర్చున్నాక బండిని నెమ్మదిగా వదలాలి. గాడి ఇనుప చేతికే తగలాలి. బ్రేకు రాడ్డుకు, సైలెన్సరుకు తగలకూడదు. అవి అడ్డొచ్చే బండికి ఈ పద్ధతి వాడవద్దు.
5. కొద్దిగా కదిపి చూడండి. ఊగితే దించేసి మళ్లీ సరిచేయండి.

చేయవలసిన పనులు

• చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ, కిరసనాయిలులో ముంచిన బ్రష్‌తో బురద తీయండి. పెట్రోలు వాడవద్దు. గుడ్డతో తుడిచి, 90 గేర్ ఆయిల్‌ను పలచగా పూయండి.
• చైను కింది వరుస మధ్యలో పైకీ కిందకీ కదపండి. ఈ బండ్లకు సాధారణంగా 2–3 సెం.మీ. ఆడాలి. మీ బండి పుస్తకంలో ఉన్న కొలతే పాటించండి. బిగించాక బ్రేకు ఆట కూడా మారుతుంది, సరిచూసుకోండి.
• టైరులో ముళ్లు, పగుళ్లు ఉన్నాయేమో చూడండి.

తప్పనిసరి జాగ్రత్తలు

చైను త్వరగా శుభ్రమవుతుందని కొందరు ఇంజను ఆన్ చేసి, గేరు వేసి, తిరిగే చైనుకు గుడ్డ పెడతారు. గుడ్డతోపాటు వేళ్లు పళ్లచక్రంలోకి వెళితే క్షణంలో తెగిపోతాయి. ఇంజను నడుస్తుండగా చైను ముట్టుకోకండి. చక్రాన్ని చేత్తో తిప్పేటప్పుడు కూడా చైను పళ్లచక్రం మీదకు ఎక్కే చోట వేలు పెట్టకండి.

ఊతకర్ర మీద ఉన్న బండి ఎక్కకూడదు, కింద దూరకూడదు, పిల్లలను దగ్గరకు రానీయకూడదు. చక్రం విప్పడం, పంక్చరు వేయడం దీని మీద చేయవద్దు. ఆ పనులు మెకానిక్ దగ్గరే చేయించండి.

దించేటప్పుడు ముందు ఒకరు బండి పట్టుకుని స్టాండు వైపు వంచాలి, తర్వాతే రెండోవారు కర్ర తీయాలి. బండి నేల మీద నిలిచాక చివరగా బ్రేకు కట్టు విప్పి, ఇటుకలు తీయండి.

వానాకాలంలో బురదలో తిరిగిన ప్రతిసారీ చైను చూసుకుంటే ఎక్కువకాలం మన్నుతుంది. నాట్ల రోజుల్లో, చెరకు నరికే రోజుల్లో బండి దారిలో ఆగిపోయే బెడద తగ్గుతుంది.