బాల్కనీలో చనిపోయిన పిట్ట: పడేసే ముందు దాని కాళ్లు చూడండి

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతా. తప్పు నాదే.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్న రోజులవి. ఒకరోజు పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే చిన్న పిట్ట ఒకటి చచ్చిపడి ఉంది. కిటికీ అద్దానికి గుద్దుకున్నట్టుంది. నాకేమో తొమ్మిదింటికి మీటింగ్. పాత పేపర్‌తో తీసి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని లాగిన్ అయిపోయా. దాని కాళ్ల వైపు చూడనే లేదు. చూడాల్సిందని చాన్నాళ్ల తర్వాత ఒక కథ చదివినప్పుడు అర్థమైంది. ఆ కథే ఇవాళ చెప్తా.

కరెంటు తీగల మీద వరసగా కూర్చునే వానకోయిల తెలుసు కదా, స్వాలో అంటారు. యూరప్‌లో చలికాలం రాగానే ఇవి మాయమైపోయేవి. ఎక్కడికి పోతున్నాయో శతాబ్దాలపాటు ఎవరికీ కచ్చితంగా తెలీదు. బొరియల్లో దాక్కుంటాయని అరిస్టాటిల్ రాశాడు. చెరువుల అడుగున నిద్రపోతాయని ఇంకొందరు నమ్మారు. నవ్వొస్తుంది గానీ, ఆధారం లేనప్పుడు మనమైనా అంతే.

1822లో జర్మనీలో ఒక కొంగ దొరికింది. దాని మెడలో ఆఫ్రికా ఈటె గుచ్చుకుని ఉంది! అంటే ఆఫ్రికా దాకా వెళ్లి, దెబ్బ తిని కూడా తిరిగొచ్చిందన్నమాట. అది ఇప్పటికీ రోస్టాక్ యూనివర్సిటీలో ఉంది. కానీ ప్రతి పక్షీ ఈటెతో రాదుగా! అందుకే 1899లో డెన్మార్క్‌లో మార్టెన్‌సెన్ అనే టీచర్ పక్షుల కాళ్లకి నంబర్ వేసిన అల్యూమినియం రింగులు తొడగడం మొదలుపెట్టాడు. 1909లో ఇంగ్లాండ్‌లో విదర్‌బీ అనే ఆయన ఇదే పని పెద్ద ఎత్తున చేపట్టాడు. మన భాషలో చెప్పాలంటే, పక్షికి ఒక యూనిక్ ఐడీ.

1911 మే 6న ఇంగ్లాండ్‌లోని చీడిల్‌లో జాన్ మేస్‌ఫీల్డ్ అనే లాయర్ తన ఇంటి దగ్గర ఒక వానకోయిలకి రింగు వేశాడు. నంబర్ బి 830. ఏడాదిన్నర గడిచింది. 1912 డిసెంబర్ 23న దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో ఒక రైతు ఇంట్లో ఆ పక్షి దొరికింది. రైతు ఆ రింగు తీసి దాచాడు. సంగతి తెలిసి, పక్షులంటే ఇష్టమున్న ఇంకొకాయన రింగు మీద ఉన్న లండన్ అడ్రస్‌కి ఉత్తరం రాశాడు. అంతే! ఇరవై గ్రాముల పిట్ట తొమ్మిది వేల కిలోమీటర్ల పైనే ఎగిరిందని తేలిపోయింది. ఆ ఇద్దరిలో ఒక్కరు 'మనకెందుకులే' అనుకున్నా, ఆ జవాబు అప్పటికి అక్కడే ఆగిపోయేది.

మన దగ్గరా ఈ పని జరిగింది. 1957లో కర్ణాటకలో క్యాసనూర్ అడవి జ్వరం బయటపడింది. ఆ వైరస్ రష్యాలో ఉన్న ఒక వైరస్‌ని పోలి ఉండటంతో, వలస పక్షులు మోసుకొచ్చాయేమోనని అనుమానం వచ్చింది. దాంతో 1959 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో, సలీం అలీ నాయకత్వంలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పెద్ద ఎత్తున పక్షులకి రింగులు వేసింది. ఆ రింగుల మీద సొసైటీకి తెలియజేయమని రాసి ఉంటుంది.

సరే, రేపు మీ ఇంట్లో చనిపోయిన పక్షి కనిపిస్తే ఏం చేయాలి?

ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. పిల్లల్ని, పెంపుడు కుక్కల్ని దూరంగా ఉంచండి. ముందు ఫోటో తీయండి, కాళ్లు కనపడేలా. రింగు ఉంటే నంబర్, దాని మీది అక్షరాలు, తేదీ, చోటు రాసుకుని సొసైటీకి పంపండి. ఒకేచోట చాలా పక్షులు చచ్చిపడితే బర్డ్ ఫ్లూ కావచ్చు. వెంటనే పశుసంవర్ధక శాఖకి చెప్పండి. ఇంకో విషయం, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చనిపోయిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే. ఈకలు బాగున్నాయని దాచుకోకుండా అటవీ శాఖకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. చివర్లో సబ్బుతో చేతులు కడుక్కోండి.

నా బాల్కనీ పిట్టకి రింగు ఉండే ఛాన్స్ చాలా తక్కువే, ఒప్పుకుంటా. కానీ లేదని మాత్రం నేను చెప్పలేను. ఎందుకంటే చూడలేదు. మీరు మాత్రం ఒక్క నిమిషం ఆగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.