మకాం ఎక్కడ వేద్దాం? ఉప్పు బాటల నుంచి మేడారం దాకా మన విడిది చరిత్ర



మేడారం జాతర దగ్గరపడిందంటే మన పేటల్లోనూ, మా హాస్టల్లోనూ ఒకటే చర్చ. ఏ రైలుకు వెళ్దాం, ఎంతమందిమి వెళ్దాం అన్నది త్వరగానే తేలిపోతుంది. "అక్కడ ఎక్కడ దిగుదాం?" అన్న దగ్గరే మాట తెగదు. వాగు ఒడ్డున అని ఒకరు, గద్దెల దగ్గర అని ఒకరు, డోలు చప్పుడు వినపడే చోట అని కుర్రవాళ్లు. ఇదేదో చిన్న విషయం అనుకుంటాం. కానీ ఒక రాత్రికి ఎక్కడ తల వాల్చాలో సొంతంగా తేల్చుకునే హక్కు మన ముత్తాతల్లో చాలామందికి లేదు. అందుకే ఈ సంచికలో మకాం చరిత్ర రాస్తున్నాను. చదివాక, ఈసారి డేరా గుంజ పాతేటప్పుడు ఒక్క నిమిషం ఆలోచిస్తారని నా ఆశ.

ఉప్పు బాటల మకాములు

మన వేటపాలెం నుంచి కొంచెం దక్షిణానికి వెళ్తే చినగంజాం ఉప్పు కొఠార్లు కనిపిస్తాయి. రైళ్లు రాకముందు ఈ తీరపు ఉప్పు లోపలి ఊళ్లకు ఎలా వెళ్లేది? ఎరుకలవారి గాడిదల మీద, సుగాలీల ఎద్దుల మీద వెళ్లేది. ఉప్పు ఇచ్చి ధాన్యం తెచ్చేవారు. దారిలో ఈత, వెదురు బుట్టలు అల్లి అమ్మేవారు. ఎరుకల స్త్రీలు బుట్ట, కర్ర పట్టుకుని ఎరుక చెప్పేవారు. తిరునాళ్లు వస్తే అటు మళ్లేవారు. శివరాత్రికి కోటప్పకొండ కింద ప్రభలు నిలిచే చోటికి ఈ పల్నాడు, గుంటూరు మైదానమంతా కదిలినట్టే వీరూ కదిలేవారు.

ఇలా తిరిగే జనానికి మకాం ఎన్నుకోవడం ఒక విద్య. పెద్దల నోట మనం విన్న మాటలే చూడండి. నీళ్లు దగ్గరుండాలి గానీ మకాం నీళ్లలో ఉండకూడదు. వాన పడితే నీళ్లు ఎటు పారతాయో నేల వాలు చూసి చెప్పాలి. పశువుకు మేత, పొయ్యికి పుల్ల దొరకాలి. గాలి ఎటు వీస్తుందో చూసి పొయ్యి పెట్టాలి. ఊరి బావికి, ఊరి పంటకు దూరంగా ఉండాలి. ఈ చివరి నియమంలో తెలివితో పాటు బాధ కూడా ఉంది. ఊరు మనల్ని పొలిమేర అవతలే ఉంచేది కాబట్టి, ఆ పొలిమేరలోనే మంచి చోటు వెతుక్కోవడం మనవాళ్లు నేర్చుకున్నారు.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి మద్రాసు నుంచి బెజవాడ వైపు రైలు మార్గం ఈ తీరం వెంట పడింది. ఉప్పు రైలెక్కింది. దానికి ముందే ఉప్పు మీద ప్రభుత్వం పన్ను, అదుపు పెరిగాయి. గాడిద మీద ఉప్పు తోలే మనిషికి పని పోయింది. పని లేకపోయినా తిరుగుడు మానలేదు కాబట్టి, తిరిగేవాడంటే అధికారులకు అనుమానం మొదలైంది.

మకాం నేరమైన కాలం

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. మొదట ఉత్తర భారతంలో అమలైన ఆ చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే చాలు, ఆ జాతిలో పుట్టినవాడి పేరు రిజిస్టరులో ఎక్కేది, వేలిముద్రలు తీసుకునేవారు. ఏ నేరమూ చేయకపోయినా ఇదే వరస. పేరెక్కినవారు చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలని, ఎక్కడ ఉంటున్నారో, ఎక్కడికి మారుతున్నారో ముందే తెలపాలని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరేచోట ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. హాస్టల్ వార్డెనుగా నేను ఆ మాట చదివినప్పుడల్లా పుస్తకం మూసేస్తాను. ఈనాడు హాస్టలుకు పిల్లల్ని తల్లులు తమంతట తాము చెయ్యి పట్టుకుని తెచ్చి దింపుతున్నారు. ఆ రోజుకూ ఈ రోజుకూ తేడా అక్కడుంది.

1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఎరుకలవారి కోసం ఒక సెటిల్‌మెంటు వెలిసింది. హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు మీద దానికి స్టూవర్టుపురం అని పేరు పెట్టారు. వేటపాలెం స్టేషన్లో బెజవాడ వైపు రైలెక్కితే చీరాల దాటిన కాసేపటికే వచ్చే ఊరు అదే. తరతరాలుగా తమ మకాం తామే ఎన్నుకున్న మనుషుల్ని ఒకచోట కట్టిపడేసి, బయటకు పోవాలంటే అనుమతి అడగమన్నారు. తిరునాళ్లకు పోవాలన్నా, చుట్టాల పెళ్లికి పోవాలన్నా, మరో ఊళ్లో ఒక రాత్రి పడుకోవాలన్నా అడిగి వెళ్లాల్సిందే.

ఇప్పుడు దాని పక్కనే జరిగిన మరో సంగతి చూడండి. 1921లో చీరాల, పేరాల ప్రజలు మున్సిపాలిటీ పన్నుల భారాన్ని కాదన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో సుమారు 13 వేల మంది ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు, పందిళ్లు వేసుకున్నారు. ఆ విడిదికి రామ్‌నగర్ అని పేరు. దాదాపు 11 నెలలు ఎండకు, వానకు ఓర్చుకుని అక్కడే ఉన్నారు. స్వాతంత్ర్య పోరాట చరిత్రలో అది గొప్ప ఘట్టం. వారి త్యాగానికి మనమూ చేతులెత్తి మొక్కాలి.

మొక్కుతూనే ఒక మాట గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది, అదే రైలు దారి మీద, కొద్ది మైళ్ల దూరంలో స్టూవర్టుపురం ఉంది. ఒకచోట ఊరి బయట గుడిసె వేసుకోవడం దేశభక్తి అయింది. ఇంకోచోట ఊరి బయట గుడిసె వేసుకుని బతికే అలవాటే నేరమైంది. గుడిసెల్లో తేడా లేదు. వేసుకున్న మనుషుల్ని ప్రభుత్వం చూసిన చూపులో తేడా ఉంది. పాఠ్యపుస్తకంలో మొదటి కథ ఉంటుంది. రెండో కథను మనమే రాసుకోవాలి. మన ఊళ్లోనే 1918లో మొదలైన సారస్వత నికేతనంలో ఆనాటి పత్రికలు భద్రంగా ఉన్నాయి. సెలవుల్లో వెళ్లి తిరగేయండి.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటున్నాం. అప్పటి నుంచే ఈ దేశంలో ఏ జాతరకైనా ఎవరినీ అడగకుండా వెళ్లి, నచ్చిన చోట దిగే స్వేచ్ఛ మనకు చట్టప్రకారం దక్కింది.

మేడారం నేల

మరి ఆ స్వేచ్ఛతో మనం వెళ్లే అతి పెద్ద చోటు మేడారం. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో, ఏటూరునాగారం అడవి మధ్య ఉన్న కోయ ఊరు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజుల జాతర. 1940 ప్రాంతం వరకు చిలుకలగుట్ట దగ్గర గిరిజనులు మాత్రమే జరుపుకునేవారని పెద్దలు చెబుతారు. 1996లో రాష్ట్ర పండుగ అయింది. ఇప్పుడు కోటి మందికి పైగా వస్తారని ప్రభుత్వ అంచనా. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది.

కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో, కరువులో కప్పం కట్టలేమన్న కోయ రాజ్యం మీదికి సైన్యం వస్తే సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న పోరాడారని గాథ. జంపన్న దూకిన సంపెంగ వాగే జంపన్న వాగు. సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైతే అక్కడ కుంకుమ భరిణె దొరికిందని నమ్మకం. ఈ కథను పడిగె ముందు పెట్టుకుని డోలు మీద పాడే కోయ కళాకారులున్నారు. వారిలో సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. జాతరలో మైకుల పాటల హోరు ఎంత ఉన్నా, ఈ డోలు, ఈ కొమ్ము వినడానికే మనం వెళ్లాలి.

జాతర నేలకు ఒక క్రమం ఉంది. అది తెలియకపోతే మకాం ఎన్నుకోలేం. జాతరకు ముందు బుధవారం మండమెలిగె పండుగ చేసి, కోయ పూజారులు ఊరి పొలిమేరల్లో తోరణాలు కట్టి ఊరిని కట్టడి చేస్తారు. జాతర మొదటి రోజు బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ జంపన్న వాగు దాటి గద్దెకు వస్తుంది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం మొక్కులు, బంగారమనే బెల్లం సమర్పణ. శనివారం వనప్రవేశం. అంటే ఈ నేల మీద దేవతలు నడిచే దారులు ముందే ఉన్నాయి. మన డేరాలు ఆ దారుల తర్వాతే.

ఎక్కడ దిగాలి?

వాగు ఒడ్డున దిగాలని అందరికీ ఉంటుంది. స్నానానికి, వంటకు దగ్గర. కానీ జాతర కోసం లక్నవరం చెరువు నుంచి జంపన్న వాగుకు నీళ్లు వదులుతారు. పొడిగా ఉంది కదా అని ఇసుక మేట మీద డేరా వేయకండి. ఒడ్డు మీద, మెరక నేల చూసుకోండి. స్నానాల సందడికి ఎగువన ఉంటే మంచిది. వాగు నీళ్లు తాగడానికి పనికిరావు. తాగడానికి కుళాయి నీళ్లే పట్టుకోండి.

గద్దెల పక్కన దిగుదామంటే గురువారం సాయంత్రం నుంచి అక్కడ మనిషి మీద మనిషి. పిల్లలు, ముసలివాళ్లు ఉన్న బృందం అక్కడ ఉండకూడదు. కన్నెపల్లి, రెడ్డిగూడెం, ఊరట్టం, నార్లాపూర్ వైపు పొలాల్లో దిగితే నడక ఎక్కువైనా నిద్ర పడుతుంది. ఈమధ్య జాతరల్లో ఆర్టీసీ బస్సులను తాడ్వాయి దారిన, సొంత బండ్లను పస్రా, నార్లాపూర్ దారిన పంపుతున్నారు. బస్సులో వెళ్లేవారు బస్సు స్టాండుకు నడిచి చేరగల చోటు చూసుకోవాలి. లేకపోతే తిరుగు ప్రయాణంలో మూటలతో ఇబ్బంది.

అడవి లోపలికి పోయి దిగకండి. ఎండు చెట్టు, వాలిన కొమ్మ కింద అసలే వద్దు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన సుడిగాలికి వేలాది చెట్లు నేలకొరిగాయి. ఆకురాలే కాలంలో పొయ్యి నిప్పు ఆర్పకుండా వదిలితే అడవికే ముప్పు.

ఆడపిల్లలున్న బృందం నాయకులకు ఒక మాట. మరుగుదొడ్లకు వెళ్లే దారిలో వెలుతురు ఉందా అన్నది పగలే నడిచి చూడండి. ఆ తర్వాతే గుంజ పాతండి. డేరాకు ఒక గుర్తు, అందరికీ తెలిసిన రంగు గుడ్డ, ఎత్తుగా కట్టండి. చిన్నపిల్లల చేతి మీద ఫోన్ నంబరు రాయండి. జనం ఎక్కువైతే సెల్ ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

పొలం ఎవరిది?

1969 ఆగస్టులో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, బెతెల్ అనే ఊరి దగ్గర ఒక పాడి రైతు పొలంలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగింది. సుమారు 4 లక్షల మంది వచ్చారు. వాన పడి పొలమంతా బురదైంది. పాటల్ని లోకమంతా గుర్తుపెట్టుకుంది. ఉత్సవం అయిపోయాక ఆ పొలంలో మిగిలిన చెత్త గుట్టల సంగతి పాటలు విన్నవారిలో ఎందరికి పట్టింది?

మేడారంలోనూ మనం దిగేది ఎవరో ఒకరి పొలంలోనే. ఎక్కువగా కోయ రైతుల పొలం. జాతర ఏడాది ఆ రైతుల్లో చాలామంది రెండో పంట వేయకుండా నేల వదిలేస్తారు. మనం వెళ్లిపోయాక పగిలిన సీసాలు, ప్లాస్టిక్ సంచులు, కోళ్ల ఈకలు, కుళ్లిన తిండి ఆ నేలలో మిగులుతాయి. తొలకరికి నాగలి పట్టేవాడి పాదంలో దిగే గాజుముక్క మన డేరాలోదే కావచ్చు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1959లో చేసిన నిబంధనలను 1970లో గట్టిపరిచారు. మనం 1/70 చట్టం అని పిలుచుకునేది దాన్నే. ఆ నేల కోసం కోయ సోదరులు ఎంత పోరాడుతున్నారో మనకు తెలుసు. కాబట్టి దిగే ముందు ఆ పొలం అన్ననో అక్కనో అడగండి. చోటుకు డబ్బు ఇస్తే మధ్యవర్తికి కాకుండా ఆ ఇంటివారి చేతికే ఇవ్వండి. బయలుదేరే రోజు ఉదయం ఒక గంట కేటాయించి, మన చోటునే గాక చుట్టూ పది అడుగులు ఊడ్చి సంచిలో కట్టండి. పొయ్యి రాళ్లు గట్టు మీద పెట్టండి.

ఒకప్పుడు ఊరి పొలిమేరలో దిగిన మనవాళ్లు వెళ్లిపోయాక ఊరివారు వచ్చి ఏం పోయిందో అని వెతికేవారు. మన మీద పడిన ఆ నింద చట్టం రద్దైనా పూర్తిగా చెరిగిపోలేదు. మనం దిగి వెళ్లిన పొలాన్ని చూసి ఆ కోయ రైతు, "వచ్చే జాతరకు కూడా ఇక్కడే దిగండి" అని అనాలి. ఎరుకలైనా, యానాదులైనా, సుగాలీలైనా మన యువతకు ఇంతకంటే మంచి పేరు ఇంకేం కావాలి?

వచ్చే జాతరకు వెళ్లే బృందాలు బయలుదేరే ముందు పేటలోని పెద్దల్ని కూర్చోబెట్టి, వారు చిన్నప్పుడు ఎక్కడెక్కడ మకాం వేసేవారో అడిగి రాసుకోండి. ఊరి పేరు, చెరువు పేరు, చెట్టు పేరు, తరిమిన వారుంటే ఆ సంగతి, ఆదరించిన వారుంటే ఆ సంగతి కూడా. మన సంఘం తర్వాతి సంచికకు ఆ కాగితాలే అసలైన చరిత్ర.

జై ఆదివాసీ!