కేసు కట్టని రోజులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జనం బతుకుతెరువుకు ఒకప్పుడు రంగూన్ ఓడ ఎక్కారు, తర్వాత రైలెక్కారు. ఉద్దానంలోని కవిటికి ఒకపక్క సోంపేట, మరోపక్క ఇచ్ఛాపురం స్టేషన్లు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఇలాంటి సరిహద్దు సీమలో పదిహేనేళ్ల పిల్ల కనబడకపోతే, కొన్ని గంటల్లోనే ఆమె మరో రాష్ట్రంలో ఉండొచ్చు. దశాబ్దాలుగా తేలని అదృశ్యాలకు నేరస్తుడి తెలివి కన్నా తొలి రోజుల్లో కేసు కట్టకపోవడమే పెద్ద కారణమని నా వాదన. సాక్ష్యం కోర్టు తీర్పుల్లోనే ఉంది. తప్పిపోయిన పిల్లల ప్రతి ఫిర్యాదునూ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేసి, అపహరణో అక్రమ రవాణానో జరిగిందని భావించే దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది 2013 మే 10న. ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరంటూ అదే ఏడాది నవంబరులో వచ్చిన లలితాకుమారి తీర్పుకు మూలం, మైనర్ కూతురి కోసం ఒక తండ్రి చేసిన పోరాటమే. ఠాణాలు ముందే ఆ పని చేస్తుంటే ఇన్ని ఆదేశాలు ఎందుకు?

చాలామంది పిల్లలు ప్రేమించి వెళ్లిపోయినవాళ్లేనని, పరువు కోసం తల్లిదండ్రులే గడప దాటరని అంటారు. నిజమే, కొన్ని ఇళ్లలో. కానీ ఇష్టపడి వెళ్లిందో, ఎవరైనా ఎత్తుకెళ్లారో వెతికితేనే కదా తెలిసేది! పైగా పద్దెనిమిది నిండని పిల్ల ఇష్టం దర్యాప్తును ఆపే కారణం కానే కాదు. వెతక్కుండానే ఏళ్లు గడిచిపోతే? ఏడేళ్లు జాడ లేకపోతే మనిషి బతికే ఉన్నట్టు రుజువు చేయాల్సిన భారం అలా చెప్పేవారిదేనని సాక్ష్య చట్టం అంటుంది. ఆస్తి పంపకాలకు అది పనికొస్తుంది. ఆమె ఏమైందన్న ప్రశ్నకు మాత్రం ఆ చట్టం జవాబివ్వదు.