కారు హీటరు లోపాలు

కారు లోపలి గాలిని వెచ్చబరచే సాధనాన్ని కారు హీటరు అంటారు. పాతబడిన కార్లలో ఈ హీటరు అన్ని వైపులా, అన్ని వేళలా ఒకే విధంగా వేడి ఇవ్వకపోవడం తరచుగా కనిపించే లోపం. డ్రైవరు వైపు వెచ్చగా ఉండి పక్క సీటు వైపు చల్లగా ఉండడం, కారు నడుస్తున్నప్పుడు వేడిగాలి వచ్చి, ఆగగానే చల్లగాలి రావడం, పాదాలకు వేడి తగిలినా ముందు అద్దంపై మంచు కరగకపోవడం ఇందులో ముఖ్యమైన రకాలు. సాధారణంగా దీనిని సౌకర్యానికి సంబంధించిన చిన్న లోపంగా భావిస్తారు. కాని హీటరు ఇంజను శీతలీకరణ వ్యవస్థలో ఒక భాగం. అందువలన వేడిలో తేడా కొన్నిసార్లు ఇంజనుకు రాబోయే ముప్పును ముందుగా తెలియజేస్తుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కారు హీటరు అవసరం తక్కువ. కాశ్మీరు, లడఖ్, హిమాచల్ ప్రదేశ్ వంటి ప్రాంతాలలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను, కెనడాలోను శీతాకాలంలో ఇది తప్పనిసరి. ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళిన తెలుగు విద్యార్థులు తక్కువ ధరకు పాత కారు కొనుక్కోవడం పరిపాటి కనుక, ఈ విషయం వారికి ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది.

పనిచేసే విధానం

ఇంజనులో ఇంధనం మండినప్పుడు పుట్టే శక్తిలో ఎక్కువ భాగం చక్రాలకు చేరదు, వేడిగా మారుతుంది. ఈ వేడిలో కొంత పొగగొట్టం గుండా బయటకు పోతుంది. మరికొంత ఇంజను చుట్టూ తిరిగే కూలెంటు అనే ద్రవంలోకి చేరుతుంది. కూలెంటు నీరు, ఇథిలీన్ గ్లైకాల్‌ల మిశ్రమం. రెండూ సమపాళ్ళలో ఉంటే అది సుమారు -37° సెంటీగ్రేడు వరకు గడ్డకట్టదు.

వేడెక్కిన కూలెంటులో కొంత భాగాన్ని రెండు రబ్బరు గొట్టాల ద్వారా డ్యాష్‌బోర్డు వెనుక ఉండే హీటరు కోరుకు పంపుతారు. హీటరు కోరు ఒక చిన్న రేడియేటరు వంటిది. ఫ్యాను దాని మీదుగా గాలిని ఊదగా, ఆ గాలి వేడెక్కి కారులోకి వస్తుంది. అనేక కార్లలో బ్లెండ్ డోర్ అనే చిన్న తలుపు వేడిగాలిని, చల్లగాలిని తగిన పాళ్ళలో కలుపుతుంది. మరొక తలుపు ఆ గాలిని అద్దానికి, ముఖానికి, పాదాలకు మళ్ళిస్తుంది. కూలెంటును తిప్పే పంపు, ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ కూడా సరిగా పనిచేస్తేనే హీటరు సరిగా పనిచేస్తుంది.

బయటి గాలిని లోపలికి తీసుకొని కూలెంటుతో వేడిచేసే పద్ధతిని అమెరికాకు చెందిన నాష్ మోటార్స్ 1938 నమూనా కార్లలో ప్రవేశపెట్టింది. ఆ తరువాత ఈ పద్ధతి క్రమంగా వ్యాపించింది.

గొట్టాల పరీక్ష

లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనడానికి అతి సులభమైన పరీక్ష ఇది. ముందుగా ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు కూలెంటు మట్టం చూడాలి. మట్టం సరిగా ఉంటే కారును 15 నుండి 20 నిమిషాలు నడిపి, హీటరును గరిష్ఠ వేడిలో ఉంచాలి. తరువాత ఇంజను ఆపి, హీటరు కోరుకు వెళ్ళే రెండు గొట్టాలను జాగ్రత్తగా, క్షణకాలం మాత్రమే తాకి చూడాలి. ఇంజను ఆపిన తరువాత కూడా రేడియేటరు ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు కనుక చేతులు దానికి దూరంగా ఉంచాలి.

1. రెండు గొట్టాలూ బాగా వేడిగా ఉండి, గాలి మాత్రం చల్లగా వస్తే కూలెంటు ప్రవాహం సరిగానే ఉన్నదని అర్థం. లోపం బ్లెండ్ డోర్‌లోగాని, దానిని కదిపే తీగ లేదా మోటారులోగాని ఉంటుంది.
2. ఒకటి వేడిగా, రెండవది చల్లగా ఉంటే హీటరు కోరులో మడ్డి పేరుకొని ఉండవచ్చు, లేదా ప్రవాహం మందగించి ఉండవచ్చు.
3. రెండూ గోరువెచ్చగా ఉండి, డ్యాష్‌బోర్డు మీది ముల్లు కూడా తక్కువ ఉష్ణోగ్రతను చూపితే థర్మోస్టాట్ తెరుచుకొని బిగుసుకుపోయి ఉండవచ్చు.
4. రెండూ చల్లగా ఉండి, ముల్లు మాత్రం సాధారణ స్థానంలోగాని, అంతకు పైనగాని ఉంటే గొట్టాలలో గాలి చిక్కుకొని ఉండవచ్చు. హీటరు వాల్వు ఉన్న కార్లలో అది మూసుకొని ఉండవచ్చు.

లక్షణాలు, కారణాలు

నడిచేటప్పుడు వేడి, ఆగినప్పుడు చల్లన: కూలెంటు తగ్గినప్పుడు, వ్యవస్థలో గాలి చేరినప్పుడు, పంపు అరిగినప్పుడు ఇలా జరుగుతుంది. ఇంజను వేగంగా తిరుగుతున్నంతసేపు పంపు ఎలాగో ద్రవాన్ని హీటరు కోరుకు చేర్చగలుగుతుంది. వేగం తగ్గగానే అది సాధ్యం కాదు. ఈ లక్షణాన్ని ఉపేక్షించరాదు. కూలెంటు ఇంకా తగ్గితే ఇంజను అతిగా వేడెక్కి, సిలిండరు హెడ్ వంగిపోయే ప్రమాదం ఉన్నది.

ఒకవైపు వేడి, మరొకవైపు చల్లన: ఇరువైపులకు వేరువేరు నియంత్రణలున్న కార్లలో ఒకవైపు బ్లెండ్ డోర్ కదలకపోవడం దీనికి ఒక కారణం. హీటరు కోరులో కొంత భాగం మాత్రమే పూడిపోయినా, కూలెంటు తక్కువైనా ఇదే లక్షణం కనబడవచ్చు. అందువలన డ్యాష్‌బోర్డు విప్పే ముందు కూలెంటు మట్టం, గొట్టాల వేడి చూడడం మంచిది.

గాలి వేడిగా ఉన్నా తక్కువగా రావడం: గాలి వడపోత దుమ్ముతో నిండడం, గాలి ప్రవేశించే చోట ఎండుటాకులు చేరడం కారణాలు. ఫ్యాను అత్యధిక వేగంలో మాత్రమే తిరుగుతుంటే దాని రెసిస్టరు చెడిపోయి ఉండవచ్చు. వెనుక సీటుకు మాత్రమే వేడి అందకపోతే ముందు సీట్ల క్రింది గాలిదారులకు సామాను లేదా తివాచీ అడ్డుపడినదేమో చూడాలి.

తీపి వాసన, అద్దంపై జిడ్డు పొర: ఇవి, ముందు సీటు క్రింది తివాచీ తడవడం హీటరు కోరు కారుతున్నదనడానికి గుర్తులు.

కారుతున్న జాడ ఎక్కడా లేకుండా కూలెంటు పదేపదే తగ్గుతూ, పొగగొట్టం నుండి తెల్లని పొగ విడవకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నదని అనుమానించాలి. ఇది అనుభవజ్ఞుడైన మెకానిక్ చూడవలసిన పని.

మరమ్మత్తు క్రమం

ఖర్చు తక్కువైన పనితో మొదలుపెట్టడం ఉత్తమం. కూలెంటు తగ్గినచోట కారుతున్నదేమో చూసి, సరిచేసి నింపడం, చిక్కుకున్న గాలిని తీయడం, థర్మోస్టాట్ మార్చడం ముందుగా చేయదగినవి. పూడిన హీటరు కోరును కొన్ని సందర్భాలలో తక్కువ ఒత్తిడి గల నీటిని వ్యతిరేక దిశలో పంపి శుభ్రం చేయవచ్చు. హీటరు కోరును మార్చడానికి అనేక కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పవలసి వస్తుంది. అప్పుడు విడిభాగం ధర కంటే కూలి ఎక్కువ కావచ్చు.

గాలితో చల్లబడే ఇంజన్లు

పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ వంటి కార్లలో కూలెంటు ఉండదు. పొగగొట్టాల చుట్టూ అమర్చిన తొడుగుల గుండా గాలిని పంపి వేడిచేస్తారు. ఆ గాలి కారు అంచుల వెంబడి ఉన్న రేకు మార్గాల ద్వారా ముందుకు వస్తుంది. ఆ రేకులు తుప్పు పట్టి చిల్లులు పడితే ముందు అద్దానికి చేరవలసిన వేడి దారిలోనే పోతుంది. పొగగొట్టమే చిల్లు పడితే విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కారులోకి రాగలదు. దీనికి రంగు, వాసన లేవు. కనుక ఇటువంటి కార్లలో హీటరు వాడినప్పుడు పొగ వాసన వచ్చినా, తలనొప్పి కలిగినా వెంటనే కారు ఆపి బయటకు రావాలి.

జాగ్రత్తలు

వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయరాదు. లోపల ఒత్తిడి ఉండడం వలన ద్రవం 100° సెంటీగ్రేడుకు మించిన వేడిలో కూడా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా మరిగి పైకి చిమ్మి తీవ్రమైన గాయాలు కలిగిస్తుంది. మూసివున్న గారేజిలో ఇంజను నడిపి హీటరును పరీక్షించరాదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. నేలపై ఒలికినదానిని పిల్లలు, కుక్కలు, పిల్లులు నోట పెట్టకుండా వెంటనే శుభ్రం చేయాలి.