పెద్దల నడకా, తలలోని బొమ్మా

బామ్నిలో పెద్దవాళ్ల నడక మందగిస్తే మనమంతా అనేది ఒక్కటే మాట: "వయసు మీద పడ్డది, మోకాళ్లు అరిగినయి." బల్లార్‌పూర్ పేపర్ మిల్లులో, బొగ్గు గనుల్లో ఏళ్లకేళ్లు నిలబడ్డ కాళ్లు కాబట్టి అందులో నిజం లేకపోలేదు. కానీ నడిపించేది మెదడు. ఆ సంగతి ఎట్లా తేలిందో మన సంఘం వాళ్ల కోసం రాస్తున్నాం.

మామూలు ఎక్స్‌రేలో పుర్రె కనిపిస్తుంది, మెదడు కనిపించదు. 1919లో అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ ఒక మార్గం చెప్పారు. నడుము దగ్గర సూది గుచ్చి, వెన్నునీరు తీసి, గాలి ఎక్కించాలి. గాలి పైకి పోయి మెదడులోని గదుల్లో చేరితే వాటి ఆకారం ఎక్స్‌రేలో పడుతుంది. ఆపైన భరించలేని తలనొప్పి, వాంతులు. మన ముసలమ్మలకైతే ఎవరు చేయిస్తారు?

అయినా స్కానింగ్ లేని ఆ రోజుల్లోనే ఒక పెద్ద సంగతి బయటపడింది. కొలంబియా దేశపు డాక్టర్ సాలొమోన్ హకీమ్ 1965లో అమెరికా డాక్టర్లతో కలిసి ప్రకటించారు: కొందరికి మెదడు గదులు నీటితో ఉబ్బుతాయి, ఒత్తిడి కొలిస్తే మాత్రం మామూలుగానే ఉంటుంది. పాదాలు నేలకు అంటుకుపోయినట్టు నడక, మతిమరుపు, మూత్రం ఆగకపోవడం దాని గుర్తులు. సన్నటి గొట్టం వేసి ఆ నీటిని మళ్లిస్తే నడక తిరిగి వచ్చినవాళ్లున్నారు. ముసలితనం అని వదిలేసిన దానికి వైద్యం ఉందన్నమాట!

1971 అక్టోబర్ 1న లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. గాలి బాధ పోయింది. తర్వాత వచ్చిన ఎమ్మారైలో చాలామంది పెద్దల మెదడులో తెల్ల మచ్చలు కనబడ్డాయి. బీపీ, షుగర్ వల్ల సన్నని రక్తనాళాలు పాడైన చోట అవి ఎక్కువ. మచ్చలు బాగా పెరిగినవాళ్ల నడక నెమ్మదిస్తుందని, పడిపోవడం ఎక్కువని తర్వాతి పరిశోధనలు చూపాయి. అయితే మచ్చలుండీ చక్కగా నడిచేవాళ్లూ ఉన్నారు. బొమ్మ ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం.

1997లో స్వీడన్ వాళ్లు ఏ మిషనూ లేకుండా ఒకటి గమనించారు. నడుస్తుండగా పలకరిస్తే ఆగిపోయి జవాబిచ్చే పెద్దలు, తర్వాతి ఆరు నెలల్లో ఎక్కువగా పడిపోయారు. ఇది మన వాకిట్లోనే చూడొచ్చు.

బల్లార్షాలో రైలెక్కి నాగపూరుకో హైదరాబాదుకో డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మోకాళ్ల నొప్పి ఒక్కటే చెప్పకండి. నడక ఎప్పుడు మారింది, మతిమరుపు ఉందా, మూత్రం ఆగుతోందా అన్నీ చెప్పండి. నడకను ఫోన్‌లో వీడియో తీసి పట్టుకుపోండి.