పేరు పోయిన ఫైళ్లు

పాత గ్రామఫోను రికార్డుల బీరువాను కొంతకాలము కనిపెట్టుకొని యుండిన మేము ఒక సంగతి ఎరుగుదుము. పట్టిక పుస్తకము తడిసినంత మాత్రమున రికార్డులకు హాని లేదు. కాని కావలసిన పాట చేతికి రాదు. పూర్వపు కంప్యూటరులలో డైరెక్టరీ చెడుటయు ఇట్టిదే.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థను చూడుడు. 1979 నాటి దాని ఏడవ కూర్పులో డైరెక్టరీ యందలి ఒక్కొక్క పద్దు 16 బైట్లు మాత్రమే. రెండింట ఒక సంఖ్య, తక్కిన 14లో పేరు. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, డిస్కుపై ఏ బ్లాకులలో నున్నది అను వివరములన్నియు ఆ సంఖ్య గల 'ఐనోడు'లో నుండును. పేరు మాత్ర మచట నుండదు.

వేగము కొరకు వ్రాతలను కొంతసేపు మెమరీలో నిలిపి, పిమ్మట డిస్కుకు ఎక్కించుచుండిరి. నడుమ విద్యుత్తు పోయెనా, ఐనోడు ఎక్కి పద్దు ఎక్కకపోవచ్చును. అపుడు ఎవరిదో నెలల శ్రమ డిస్కుపై చెక్కుచెదరక యుండియు, దానిని పిలుచుటకు పేరుండదు.

తొలుత ఈ చిక్కును విప్పుటకు ఐచెక్, డీచెక్, ఎన్‌చెక్ అను ప్రోగ్రాములుండెను. ఒకటి బ్లాకుల లెక్క చూచును, ఒకటి పేర్ల లెక్కను ఐనోడులోని లెక్కతో పోల్చును, మరియొకటి సంఖ్యకు పేరు చెప్పును. ఖాళీ బ్లాకుల జాబితాను తిరిగి కట్టుట తప్ప, దిద్దుబాటు చాలవరకు మనుష్యుని చేతిదే. ఐనోడును తుడిచివేయు ఆజ్ఞ వేరుగా నుండెను. అర్ధరాత్రివేళ నిద్రకన్నులతో ఒక్క అంకె తప్పుగా కొట్టినచో చక్కని ఫైలే మాయమగును. ఆ పని చేసినవారి ధైర్యమునకు మేము ఆశ్చర్యపడుదుము.

1970ల చివర బెల్ ప్రయోగశాలలోనే టెడ్ కోవాల్‌స్కీ 'ఎఫ్.ఎస్.సి.కె.' అను ప్రోగ్రామును రచించెను. అది దశలవారీగా డిస్కును పరీక్షించి, ప్రతి దిద్దుబాటునకు ముందు అనుమతి అడుగును. దిక్కులేని ఫైలును 'లాస్ట్ ప్లస్ ఫౌండ్' అను డైరెక్టరీలో చేర్చి, ఐనోడు సంఖ్యనే దానికి పేరుగా నిచ్చును. అయితే ఆ డైరెక్టరీని ముందే సిద్ధపరచవలెను. డిస్కు చెడిన పిమ్మట క్రొత్త బ్లాకులను నమ్మి తీసుకొనుట క్షేమము కాదు గదా! కావున అందులో అనేక ఫైళ్లను ఊరక సృష్టించి, వెంటనే తొలగించి, ఖాళీ పద్దులను నిలువ యుంచుచుండిరి.

ఐనోడులో యజమాని గుర్తు మిగిలియుండును గనుక ఫైలు ఎవరిదో తెలియును. ఆయన వచ్చి, సంఖ్యలే పేరులుగా నున్న వానిని ఒక్కొక్కటిగా తెరచి, నాలుగు పంక్తులు చదివి, తనది తాను గుర్తించి, మరల పేరు పెట్టుకొనవలసి యుండెను.